మూడు సెకండ్ల ఫరక్

మా బావ దామోదర్‌రావుకు ఒక్కటే పిచ్చి. ఏ పనికి ఎంతసేపు పడ్తదో గడియారం పెట్టి చూడాలె. కరీంనగర్ల ముప్పై ఏండ్లు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపిండు. పిల్లల స్పీడు చూసేందుకు మెడల ఏసుకున్న స్టాప్‌వాచి మళ్ల తియ్యనే లే. మా అక్క సరళాదేవి చాయ పొయ్యి మీద పెడితె బటన్ ఒత్తుతడు. కొండగట్టుల దర్శనం చేసుకొని, "పోయినసారికంటె ఏడు నిమిషాలు ఎక్కువైంది" అని అయ్యగారికి లెక్క చెప్పిండు. పెండ్లిల మూడు ముళ్లు ఇరవై సెకండ్లల్ల ఏసిండని మా అక్క ఇప్పటికీ దెప్పుతది.

తొంభై నాలుగుల ఇంట్ల కంప్యూటర్ పెట్టిండు. దుబాయి పోయినోళ్ల ఇండ్లల్లకెళ్లి ఆడోళ్లు వస్తె, వాళ్లు చెప్పింది తెలుగుల కొట్టి ఉత్తరం చేతుల పెట్టేది. బాధ ఒక్కటే, ఆ మిషన్ తెరుచుకునుడుకు రెండు నిమిషాలు పట్టేది. లోపల డిస్కు గరగర తిరుగుతుంటె బావ గడియారం చూసుకుంట పండ్లు కొరికేటోడు.

"బామ్మర్దీ, గీ డిస్కుతోని నా పానం పోతది. ఉరికే డిస్కు తేవాలె. దాన్ని నడిపే కంట్రోలర్ కార్డు గుడ ఉరకాలె. రెండెడ్లల్ల ఒకటి కుంటిదైతె రెండోది ఉరికి ఏం లాభం?"

గంతే, ఇగ నా బతుకు బస్టాండు పాలైంది. ఆర్నెల్లల్ల ఆరుసార్లు హైదరాబాద్ పోయినం. సంచి మోసుడు నా వంతు, బటన్ ఒత్తుడు ఆయన వంతు. ఒక దుకాణంల డిస్కులు, కార్డులు మార్పిచ్చి మార్పిచ్చి మిషన్‌ను పంతొమ్మిదిసార్లు తెరిపిచ్చిండు.

దుకాణమాయన చేతులెత్తిండు. "సార్, గీ కార్డుకు గా కార్డుకు మూడు సెకండ్ల ఫరక్. గంతకు పరేషానెందుకు?"

"రోజుకు పదిసార్లు తెరిస్తె ముప్పై సెకండ్లు. ఏడాదికి మూడు గంటలు. గా మూడు గంటలు నాకు నువ్విస్తవా?"

ఆయన లోపలికి పోయిండు. నీళ్లు తాగొచ్చిండు.

ఆఖరికి కొన్నం, బిగించినం. ముప్పై నాలుగు సెకండ్లల్ల తెరుచుకుంది. బావ వాడకట్టంత పిలిచి చూపెట్టిండు. నేను మా ఇంటికి పోయి రెండు రోజులు పండుకున్న.

వారం తర్వాత పోతె, మళ్ల గరగర చప్పుడు. మూత తీసి చూద్దును గదా, పాత డిస్కే.

నాకు కోపం నషాళానికెక్కింది. "ఆరుసార్లు తిప్పితివి బావా. నా నడుం పోయింది. కొత్తదేది?"

"తీసిన. జర మెల్లగ మాట్లాడు. లింగవ్వ వస్తుంది."

లింగవ్వ మొగడు రాయమల్లు దుబాయిల ఆరేండ్లాయె. ఇంకో మూడేండ్లకు సంతకం పెట్టాల్నా, ఇంటికి రావాల్నా, నీ మాట చెప్పుమని రాసిండు. నెలాఖరుకు సంతకం. మొన్న లింగవ్వ వస్తె, కూసున్నదో లేదో మిషన్ తెరుచుకుంది. బావ గడియారం వట్టుకొని "చెప్పు" అన్నడు. ఆమె తత్తరపడి, "మేం మంచిగున్నం, ఉండుడు వచ్చుడు నీ ఇష్టం అని రాయుండ్రి" అని లేచిపోయిందట. ఆ ఉత్తరం బావ పోస్టు డబ్బల ఎయ్యలే. మిషన్ ఖరాబైంది, మళ్ల రమ్మని కబురు చేసిండు.

"అయితె జర ఆగి అడగరాదు? డిస్కెందుకు తీసుడు?" అన్న.

"నేను ఖాళీగ ముంగట కూసుంటె ఆమె నోరు పెగలదు. మిషన్ తెరువకపోతె తప్పు మిషన్‌ది గద."

లింగవ్వ వచ్చింది. బావ గడియారం తీసి సొరుగుల పెట్టిండు. నా కండ్లు నేనే నమ్మలే.

"ఇంక తెరువలేదా సారూ?"

"మిషన్ ముసల్దమ్మా, మెల్లగ లేస్తది. నువ్వు కూసో."

డిస్కు గరగర తిరిగింది. లింగవ్వ తెర దిక్కు చూసుకుంట చూసుకుంట కొంగుతోని మొకం తుడుసుకుంది.

"సారూ, మొన్నటిది చింపుండ్రి. సంతకం పెట్టకు, ఇంటికి రా అని రాయుండ్రి. చిన్నది నిన్ను ఫోటువల తప్ప చూడలే అని రాయుండ్రి."

బావ కొట్టిండు. ఆయన అంత మెల్లగ కొట్టంగ నేనెన్నడు చూడలే.

మూడు నెలలకు రాయమల్లు దిగిండు. బావకు కొత్త స్టాప్‌వాచి తెచ్చిండు, సెకండును నూరు ముక్కలు చేసి చూపెట్టేది. బావ చిన్నపిల్లగాని లెక్క మురిసి, ఆ రోజు మా అక్కతోని నాలుగుసార్లు చాయ పెట్టిచ్చిండు.

గా పొద్దుగూకంగ యాదవ్వ వచ్చింది, మస్కట్ల ఉన్న కొడుక్కు రాపిచ్చుడుకు. బావ గడియారం నా చేతుల పెట్టి, స్క్రూడ్రైవర్ తీసుకొని మిషన్ మూత ఇప్పవట్టిండు. తన పనులకు కొత్త డిస్కు, వీళ్లకు పాతది.

నేను ఊకోక బటన్ ఒత్తిన. డిస్కు మార్చుడుకు పదకొండు నిమిషాల నలభై సెకండ్లు పట్టింది. బావకు తెలిస్తె ఫికర్ పడ్తడని సున్నకు తిప్పి పెట్టిన.