హోం థియేటరు మోగితే ఒడ్డుకు పరుగెత్తాం

నా చిన్నతనం నుంచీ మా ఊళ్ళో ఒకటే గుర్తు... వేళ కాని వేళ డప్పు మోగిందంటే సముద్రంలో పడవ తిరగబడిందని. పొయ్యి మీద అన్నం అక్కడే వదిలేసి ఆడవాళ్ళమంతా ఒడ్డుకు పరుగు.

ఉద్దానం సముద్రపు ఒడ్డున మాది చేపల వేట బతుకు. నాకు అక్షరం రాదు, నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది. పాటల డబ్బా మోగితే బెదిరిపోయానని మావాళ్ళు ఇప్పటికీ నవ్వుతారు. నా మాట కూడా వినండి...

డిస్కు ప్లేయర్లు కొత్తగా వచ్చిన రోజులు. మా మరిది పలాస నుంచి ఒకటి తెచ్చాడు, దాంతో పాటు పెద్ద స్పీకర్ల హోం థియేటరు పెట్టె. మధ్యాహ్నం పూట, మా ఆయన వేటలో ఉండగా, అమ్మవారి సంబరం డిస్కు పెట్టాడు. బొమ్మ వచ్చింది... సౌండు లేదు.

"ఇదేటి వదినా, మూగదాన్ని అంటగట్టీసినాడు కొట్టోడు," అంటూ సౌండు మర చివరికంటా తిప్పాడు.

"మూగదే మేలు. నా సేపలు కాకులెత్తుకుపోతన్నాయి," అని నేను ఇసుక దిబ్బ మీదకు వెళ్ళిపోయాను.

ఎర్ర తీగ, తెల్ల తీగ స్పీకర్ల పెట్టెకి సౌండు లోపలికి వెళ్ళే చిల్లుల్లో కాక, బయటికి పోయే చిల్లుల్లో గుచ్చాడట. అవి మార్చాడు. తిప్పిన మర మాత్రం అలాగే ఉంచేశాడు.

ఆరబెట్టిన చేపలు తిరగేస్తున్నాను... ఒక్కసారిగా డప్పులు. చేతిలో చేప అక్కడే పడేసి ఒడ్డుకు పరుగెత్తాను. అవి ఎక్కడ మోగుతున్నాయో ఎవరు ఆలోచిస్తారు? వీధి వీధంతా ఒడ్డున నిలబడింది. పడవలు మాత్రం దూరంగా, నిలకడగానే ఉన్నాయి.

మరిది రొప్పుతూ వచ్చాడు. "వదినా, అది మన డబ్బాయే..."

నా అసలు భయం అప్పుడు మొదలైంది. మగవాళ్ళకూ ఒక గుర్తుంది... పగటిపూట ఆడవాళ్ళు ఒడ్డున గుంపుగా నిలబడితే ఇంట్లో ఎవరో పోయారని. పడవలు ముక్కు ఇటు తిప్పాయి. ఆ గాలిలో కెరటం తగ్గేదాకా ఆగి రావాలి. చావు కబురనుకున్నవాడు ఆగుతాడా?

"కూకోండే... అందరూ కూకోండి. నిలబడితే మన మగోల్లని మనమే సంపీసుకుంతాం."

"ఏటి పిన్నీ, డబ్బాకి మతి పోనాదా నీకు?" అంది పక్కింటి కోడలు.

దాన్ని జుట్టు పట్టి కూర్చోబెట్టాను. అది చూసి ఒక్కొక్కరూ ఇసుకలో కూలబడ్డారు. పడవలు వెనక్కి తగ్గాయి. మా ఆయన ఒంటరిగా వేసుకెళ్ళిన చిన్న తెప్ప మాత్రం అప్పటికే కెరటాల్లోకి వచ్చేసింది... లేచింది, ఒరిగింది, కనబడలేదు.

ఎంతసేపటికో ఒక తల తేలింది. నీళ్ళు కక్కుతూ ఒడ్డుకు పాకి వచ్చి, నా ముఖంలోకి చూసి అడిగాడు... "ఎవులు పోయారే?"

"ఎవులూ పోనేదు. నీ తమ్ముడు పాటలెట్టినాడు."

తెప్ప దుంగలు విడిపోయి కొట్టుకుపోయాయి. మనుషులంతా ఇంటికొచ్చారు. అదీ జరిగింది... నవ్వేవాళ్ళు ఇప్పుడు నవ్వండి.

ఈ రోజుల్లో ప్రతి పడవలోనూ ఫోను. ఒడ్డున ఎంతమంది నిలబడినా ఎవరూ తలెత్తి చూడరు. మంచిదే... కానీ అప్పట్లో అంత దూరం నుంచి మా మగవాళ్ళు మమ్మల్నే చూస్తుండేవారు. మీ ఇళ్ళల్లో ఎలాంటి గుర్తులుండేవో చెప్పండి... కోడలు చదివితే వింటాను.