కోట మేస్త్రి తిన్నగా పెట్టిన రాయి

తెల్లవారి లేచింది మొదలు మేస్త్రి కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతున్నాడు. టీ చల్లారిపోయింది. చొక్కా గుండీలు ఒకదాని కాజాలో ఒకటి పడ్డాయి.

అడవి మధ్య కొండ మీద పాడుబడ్డ కోటకు ముప్పై ఏళ్లుగా అతనే మేస్త్రి. అక్కడిదంతా తలకిందుల పని. గోడ ఇంకా కూలిపోకూడదు, అలాగని బాగుపడినట్టూ కనిపించకూడదు. రాలిన రాయిని దాని చోటనే, మునుపటి వంకరతోనే పెట్టాలి. మధ్యాహ్నం పురావస్తు శాఖ పెద్దాఫీసరు సరిచూడటానికి పాత ఫొటోలు పట్టుకుని వస్తాడు. ఎక్కడైనా కొత్తగా కట్టినట్టు కనిపిస్తే ఈ పని ఇంకొకరికి పోతుంది.

"ఏమైందో చెప్పి తిరగండి," అంది భార్య.

"వానలకు రాలిన రాళ్లు నలభై దాకా మళ్లీ పెట్టాను. ఎక్కడో ఒకచోట చెయ్యి ఊరుకోలేదు, తిన్నగా పెట్టేసింది. నిన్నంతా వెతికాను. నా కంటికి అన్నీ బాగానే ఉన్నాయి."

"తిన్నగా ఉన్నదే మీ కంటికి బాగుంటుంది మరి. పదండి, నేను చూస్తాను."

"నువ్వా? ఇన్నేళ్లలో ఒక్కసారైనా కొండెక్కావా?"

"మీరు పిలిచారా?"

అతను సుత్తి సంచీలో వేసుకుని బయల్దేరాడు. ఆమె ఆయాసపడుతూ, చెట్ల వేళ్లు పట్టుకుని ఎక్కింది. ఆగిన ప్రతిచోటా ఒక ప్రశ్న. రాజుగారి వంటిల్లు ఎటువైపు? ఇంత పైకి నీళ్లెవరు మోసేవారు? మేస్త్రి పొద్దు చూసుకుంటూ పది అడుగులు ముందుకు, ఐదు వెనక్కి నడిచాడు.

పైకి చేరాక ఆమె విరిగిన గోడల వెంట తీరిగ్గా నడిచి, బురుజు కిటికీ దగ్గర ఆగింది.

"మన వంటింటి గూడు ఇక్కడికెప్పుడొచ్చిందండీ?"

మేస్త్రి వంగి చూశాడు. కిటికీ అడుగురాయి కింద రెండు రాతిముక్కలు దోపి ఉన్నాయి. ఇంట్లో గూటి పలక తిన్నగా నిలవడానికి అతను దాని కింద దోపినవాటి లాంటివే. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. సుత్తితో మెల్లగా తట్టి వాటిని లాగేశాడు. రాయి తన పాత గుంటలోకి ఎడమవైపు ఒరిగి కూర్చుంది.

మధ్యాహ్నం ఆఫీసరు సరిగ్గా అక్కడే చాలాసేపు నిలబడ్డాడు. ఫొటో చూశాడు, రాయిని చూశాడు. మేస్త్రి చేతులు వెనక్కి కట్టుకున్నాడు గాని వేళ్లు కుదురుగా లేవు.

"వానలకు ఇది పడలేదా?"

"పడిందండీ. మళ్లీ పెట్టాను."

"పెట్టినట్టే లేదే," అంటూ ఆఫీసరు ముందుకు కదిలాడు.

దిగేటప్పుడు మేస్త్రి రెండుసార్లు ఆగి వెనక్కి చూశాడు.

"ఇంకేంటండీ?"

"ఏం లేదే. కాస్త, ఒక్క వేలెడు లేపితే ఎంత అందంగా ఉండేదో."

"చేతులు జేబులో పెట్టుకుని దిగండి," అంది భార్య.