మా బావ ఇవ్వని హెల్మెట్

మంగళవారం పొద్దున అరోరాలో వాళ్ళింటి నుంచి అక్క ఫోన్ చేసింది. "మీ బావ పోయార్రా. నిద్రలోనే. కంగారుపడి డ్రైవ్ చెయ్యకు, ఫ్లైట్ బుక్ చేసుకుని రా" అంది. గొంతులో ఏడుపు లేదు. ఏడవడానికి కూడా ఓపిక కావలసిన వయసు మా ఇద్దరికీ వచ్చేసింది. ఈ మధ్య నా నల్ల కోటు డ్రై క్లీనింగ్ నుంచి వచ్చేలోపే ఇంకొకరి కబురు వస్తోంది.

అన్నీ అయ్యాక మా ఊరు మోరిస్‌విల్ తిరిగొచ్చి, ఆయన గురించి అందరూ పెట్టిన మెసేజ్‌లు చదివాను. గుడికి చేసిన సేవ, ఉచిత వైద్య శిబిరాలు, నవ్వుతూ పలకరించడం. అన్నీ నిజమే. నాకు మాత్రం ఆయన అనగానే ఒహాయోలో ఒక చిన్న ఊరు, ఎనభైల మొదట్లో ఒక ఫుట్‌బాల్ సీజన్ గుర్తొస్తాయి. అది మీలో ఎవరికీ తెలియదు కనుక రాస్తున్నాను.

నేను ఆ ఊరి కాలేజీలో ఎం.ఎస్. చేస్తూ అక్కా బావల ఇంట్లో ఉండేవాణ్ణి. బావ ఊళ్ళో డాక్టరు. కాలేజీ టీమ్‌ని చూసుకునే ముసలి డాక్టరు రిటైరైతే, శనివారాలు వదులుకోవడానికి ఇంకెవరూ ముందుకు రాలేదు. బావ సరేనన్నారు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఆయనకి ఓనమాలు తెలియవు. "నాకు ఆటెందుకురా బామ్మర్దీ? కాళ్ళూ చేతులూ ఎక్కడైనా ఒకటే కదా" అనేవారు.

ఆగస్టు ఎండలో ప్రాక్టీసు చేసే పిల్లల కోసం అక్క చేత ఉప్పూ అల్లమూ వేసిన మజ్జిగ చేయించి పెద్ద థర్మాస్‌లో పట్టుకెళ్ళేవారు. మొదట్లో అందరూ మొహం చిట్లించారు. నెల తిరిగేసరికి "డాక్, మజ్జిగ ఏది?" అని వాళ్ళే అడిగారు. ఆ మాట వాళ్ళ నోట వినడం అక్కకి మహా సరదా. చలి మొదలయ్యాక బావ మంకీ క్యాప్ పెట్టుకుని మైదానం అంచున నిలబడేవారు. ఎవరికి దెబ్బ తగిలినా ముందు మణికట్టు పట్టుకునేవారు. "మనిషి అబద్ధమాడతాడు, నాడి ఆడదు" అని ఆయన మాట.

ఏళ్ళ తరబడి ఓడిపోతున్న టీమ్ ఆ ఏడు గెలవడం మొదలుపెట్టింది. ఊళ్ళో ఫ్యాక్టరీ మూతపడి మగవాళ్ళు పగలంతా ఇంట్లో కూర్చుంటున్న రోజులవి. గర్వంగా చెప్పుకోవడానికి వాళ్ళకి మిగిలింది ఆ గెలుపే. బార్బర్ షాపులో బావకి కూడా కొత్త మర్యాద దొరికింది. చివరి ఆట పక్క ఊరి కాలేజీతో. అది గెలిస్తే ఛాంపియన్‌షిప్ మాదే.

ఆట సగం దాటింది, మావాళ్ళే ముందున్నారు. బంతి విసిరే కుర్రాణ్ణి, క్వార్టర్‌బ్యాక్‌ని, ఇద్దరు కలిసి నేలకేసి కొట్టారు. వాడు లేచి, దుమ్ము దులుపుకుని, నేరుగా వెళ్ళి ఎదుటి జట్టు వాళ్ళ మధ్య నిలబడ్డాడు. జనంలో కొందరు నవ్వారు. బావ నవ్వలేదు.

ఆ రోజుల్లో తలకి దెబ్బ తగిలినవాడికి ఘాటు మందు వాసన చూపించి, వేళ్ళెన్నో అడిగి, సరిగ్గా చెబితే మళ్ళీ ఆటలోకి తోసేసేవారు. వాడు వేళ్ళు సరిగ్గానే చెప్పాడు. బావ వాడి తల మీంచి హెల్మెట్ తీసి, నీళ్ళ బిందెలా చంకలో పెట్టుకున్నారు. నేను కంచె పక్కనే ఉండి అంతా విన్నాను.

"డాక్, హెల్మెట్ ఇవ్వు. బాగానే ఉన్నానంటున్నాడుగా!" కోచ్ అరిచాడు.

"ఇవాళ శుక్రవారమని కూడా అంటున్నాడు" అన్నారు బావ. ఆటలన్నీ శనివారాలే.

కోచ్ అడిగాడు, తిట్టాడు, చివరికి బతిమాలాడు. కుర్రాడు ఏడ్చాడు. బావ వాడి వీపు మీద చెయ్యి వేసి, "తిట్టుకో నాన్నా, పర్లేదు" అన్నారు, తెలుగులో. హెల్మెట్ మాత్రం ఇవ్వలేదు. మా టీమ్ ఓడిపోయింది.

ఆ రాత్రి అక్క నిలదీసింది. "ఎవరి పిల్లాడండీ వాడు? మనకేమైనా చుట్టమా? ఈ ఊళ్ళో మనం బతకాలి కదా!"

"వాళ్ళమ్మ ఎక్కడో పైన స్టాండ్స్‌లో కూర్చుంది. పక్కన ఉన్నది నేనే కదే" అన్నారు బావ.

అక్క భయపడినంతా అయింది. రోగులు ఒక్కొక్కరే పక్క ఊరి డాక్టరు దగ్గరికి వెళ్ళారు. బార్బరు నోరు విప్పకుండా జుట్టు కత్తిరించాడు. చలి తగ్గాక కోచ్ ఇంటికి వచ్చి, అక్క కాఫీ తాగమన్నా గుమ్మం దాటకుండా, వచ్చే ఏడు వేరే డాక్టరు వస్తున్నాడని చెప్పి వెళ్ళాడు. ఆ కుర్రాడు శుభ్రంగా చదువు ముగించుకుని ఉద్యోగంలో చేరాడు. అదే వచ్చిన చిక్కు. వాడికేమీ కాలేదు కనుక, డాక్టరు అనవసరంగా ఆపాడని ఊరంతా తేల్చేసింది. నాకు ఒళ్ళు మండిపోయేది. ఆయనకి కోపం కూడా వచ్చేది కాదు. "జరగని దానికి సాక్ష్యం ఎక్కణ్ణుంచి తెస్తాంరా?" అని ఊరుకునేవారు. అలా ఊరుకుని ఊరుకునే ఆయన అలసిపోయారు. ఇంకో ఏడాదికి అరోరా వెళ్ళిపోయారు.

వెళ్ళేముందు శరదృతువులో ఒక శనివారం, ఇద్దరం పెరట్లో రాలిన ఆకులు ఊడుస్తున్నాం. స్టేడియం మాకు రెండు వీధుల అవతలే. బ్యాండు, కేకలు గాలిలో వస్తున్నాయి. ఉన్నట్టుండి అంతా ఆగిపోయింది. అంతమంది ఒక్కసారిగా నోరు మూశారంటే, మైదానంలో ఎవడో లేవలేదన్నమాట. బావ చేతిలో రేక్ ఆగింది. అటు తిరిగి నిలబడ్డారు. నేనేదో అనబోతే చెయ్యి ఎత్తి ఆపారు. చాలాసేపటికి ఒక మూల చిన్నగా చప్పట్లు మొదలై స్టేడియమంతా పాకాయి.

"లేచాడ్రా" అన్నారు.

మళ్ళీ ఆకులు ఊడవసాగారు. ఆట ముగిసేదాకా, అటు చప్పుడు ఆగినప్పుడల్లా ఇటు ఆయన చెయ్యి ఆగుతూనే ఉంది.