మెట్ల కింద హినోకుమ సార్

హినోకుమ సార్‌కు ఉన్న అలవాటు ఒక్కటే. ఆపద గంట మోగిందంటే చాలు, మాయమైపోయేవారు.

ఇంకెవరైనా అయితే పిరికివాడని సరిపెట్టుకోవచ్చు. ఈయన ఇసోగుచి ప్రాథమిక పాఠశాలకు వైస్ ప్రిన్సిపాల్. భూకంపం వస్తే ఎవరు ఏం చెయ్యాలో నలభై రెండు పేజీలు రాసి, ఎవరూ ఇంటికి తీసుకుపోయి పారేసుకోకుండా స్టాఫ్ రూములో ప్రతి బల్లకూ ఒక ప్రతిని తాడుతో కట్టేసిన మనిషి. ఏ తరగతి ఏ మెట్ల మీంచి దిగాలో రాశారు. హాజరు పట్టీ ఎవరి చేతిలో ఉండాలో రాశారు. వంటామె పొయ్యి ఆర్పాక గరిటె ఎక్కడ పెట్టాలో కూడా రాశారు. తీరా డ్రిల్ రోజున గంట మోగగానే అందరూ పుస్తకంలో ఉన్నట్టే మైదానంలో బారులు తీరేవాళ్ళు. పుస్తకం రాసినాయన ఒక్కరే ఉండేవారు కాదు.

ఆ పుస్తకం ఊరికే రాసింది కాదు. బడి గేటు దాటితే రోడ్డు, రోడ్డు దాటితే చేపలు ఎండబెట్టే దండేలు, దండేలు దాటితే సముద్రమే. బడి వెనక నారింజ తోటల గుట్ట. భూమి కదలడం ఆగగానే, ఉప్పెన వచ్చేలోపు, మైదానంలోకి రావాలి, తలలు లెక్కపెట్టాలి, గుట్ట ఎక్కాలి. ఒకరు తక్కువైతే వెతకడానికి ఇద్దరికి మూడు నిమిషాలు గడువు. ఆ తర్వాత ఈల. ఈల వినిపిస్తే, మనిషి దొరికినా దొరక్కపోయినా గుట్ట ఎక్కాల్సిందే. మొత్తం పుస్తకంలో ఈ ఒక్క వాక్యం కిందే సార్ ఎర్రగీత గీశారు.

షిబునో టీచర్ ఆ బడిలో చేరిన నెలలోనే మొదటి డ్రిల్ జరిగింది. ఆమెకు ఇరవై ఆరేళ్ళు, రెండో తరగతి ఇచ్చారు. పిల్లల్ని లెక్కపెట్టి, పరుగున వెళ్ళి ప్రిన్సిపాల్‌గారికి "అందరూ ఉన్నారు" అని చెప్పింది. మిగతా టీచర్లూ అదే చెప్పారు. హినోకుమ సార్ లేరన్న సంగతి అందరూ చూశారు. కానీ పెద్దాయన తప్పిపోయాడని చిన్నవాళ్ళు నలుగురిలో ఎలా అంటారు? చూడనట్టు ఊరుకోవడం మర్యాద. ప్రిన్సిపాల్‌గారు కూడా చూశారు. తన కింది మనిషి లేడని తానే బయటపెడితే అతని పరువు పోదూ? కాబట్టి ఆయన పావుగంట ఉపన్యాసం ఇచ్చి, అద్భుతంగా జరిగిందని మెచ్చుకుని అందరినీ లోపలికి పంపేశారు.

మధ్యాహ్నం అయిదో తరగతి పిల్లలు వ్యాయామం పీరియడ్‌లో దూకడానికని మైదానం అంచున అరలు అరలుగా పేర్చి ఉన్న చెక్క పెట్టె పై అర ఎత్తారు. లోపల సూటు, టై, మోకాళ్ళు కావలించుకుని హినోకుమ సార్. పిల్లల కేకలకు పక్క వీధి చేపలమ్మే ఆమె కూడా పరిగెత్తుకొచ్చింది.

ఆ సాయంత్రం మీటింగులో సార్ లేచి నిలబడ్డారు. జుట్టు నిండా చెక్కపొట్టు.

"ఇవాళ మన బడిలో ఒకరు చనిపోయారు" అన్నారు.

"అయ్యో, ఎవరు సార్?" అంది షిబునో.

"నేనే. నీళ్ళలో మునిగి పోయాను. ఆరుగురు టీచర్లు 'అందరూ ఉన్నారు' అని చెప్తుంటే పెట్టెలోంచి విన్నాను. నేను లేనని ఒక్కరూ చూడలేదా?"

బడి మరమ్మతులు చూసే ముసలాయన ఒగిసో గొంతు సవరించుకున్నాడు. "చూశాం సార్. అనడం మర్యాద కాదని ఊరుకున్నాం."

"మర్యాదగా చంపేశారన్నమాట. సంతోషం. మరి నా పిల్లికి అన్నం ఎవరు పెడతారు?"

ఆ రోజు నుంచి ప్రతి డ్రిల్‌లోనూ ఆయన దాక్కోవడం, వెతకడానికి షిబునో, ఒగిసో ఇద్దరూ పరిగెత్తడం ఆనవాయితీ అయింది. కాళ్ళు ఈమెవి, తాళాలు ఒగిసోవి. మే నెలలో సార్ సైన్సు గది బీరువాలో అస్థిపంజరం పక్కన దొరికారు. ఒగిసో ముందు అస్థిపంజరానికే దణ్ణం పెట్టాడు. జూన్‌లో భోజనాల ఆప్రాన్లు ఉతకడానికి వేసే బుట్టలో, కూర మరకల మధ్య దొరికారు. ఎక్కడ దొరికినా సార్ తీరు ఒక్కటే. ముందు స్టాప్‌వాచ్ చూసుకునేవారు.

"ఏడు నిమిషాలు. నేను పోయి నాలుగు నిమిషాలైంది. షిబునోగారూ, పిల్లిని మీకు రాసిస్తున్నాను. దానికి ఎండుచేప తల పడదు, తోక పెట్టండి."

"నాకు పిల్లులంటే తుమ్ములు సార్!"

"అయితే తొందరగా వెతకండి."

బడి బయట కూడా ఈ పిచ్చి ఆగేది కాదు. ఏడాది చివరి విందులో అందరూ చేపలు కాల్చుకుంటుండగా కరెంటు పోయింది. అయిదు నిమిషాల్లో వచ్చింది. సార్ మాత్రం రాలేదు. కాల్చిన చేపలు చల్లారిపోతుంటే టీచర్లు, హోటలు యజమాని, అతని భార్య కలిసి మేడంతా వెతికారు. చివరికి పరుపుల అలమరలో దొరికారు. యజమాని కోపంతో ఊగిపోతుంటే "మీ హోటల్లో మెట్ల దగ్గర దీపం లేదు, తెలుసా?" అని సార్ అతన్నే నిలదీశారు. మర్నాడే అక్కడ దీపం వెలిగింది. సొంత కూతురి పెళ్ళి ఫొటోలో కూడా ఆయన లేరట. ఫొటో తీసే వేళకు మండపం వెనక ద్వారం ఎటు తెరుచుకుంటుందో చూస్తున్నారట.

షిబునోకు విసుగొచ్చేది. కానీ ఆమెకు తెలియకుండానే పదకొండు నిమిషాలు ఏడయ్యాయి, ఏడు నాలుగయ్యాయి. బడిలో ఏ తలుపు కిర్రుమంటుందో, ఏ అలమరలో మనిషి పడతాడో, ఇప్పుడు కళ్ళు మూసుకుని చెప్పగలదు.

రెండో ఏడు సెప్టెంబరులో ఆమె తరగతిలోకి ఇతోహా వచ్చింది. కొండల్లో ఊరి నుంచి వచ్చిన పిల్ల. మాట నెమ్మది, నవ్వు ఇంకా నెమ్మది. పెద్ద చప్పుడైతే మాత్రం ఆ పిల్ల ఉన్నచోట ఉండేది కాదు. ఆటల పోటీ డప్పు మోగినా సరే, ఎక్కడో దూరిపోయేది. ఆమె వచ్చాక జరిగిన మొదటి డ్రిల్‌లో ఇరవై ఒక్కమందికి ఇరవై మందే తేలారు. ఎనిమిదో నిమిషంలో హినోకుమ సార్ ఇతోహా చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ వచ్చారు. ఎక్కడ దొరికిందో చెప్పలేదు. వరసలో వెనక నుంచి ఎవరో "ఈ పిల్ల వల్లే మనం లేటు" అన్నారు. ఇతోహా చెవులు ఎర్రబడ్డాయి.

"లేటు నా వల్ల!" అన్నారు సార్ గట్టిగా. "నేను దాక్కున్న చోటికి ఈమె పొరపాటున వచ్చింది. నన్ను పట్టేసింది. మీ టీచర్లకంటే ముందు."

పిల్లలంతా ఇతోహా వైపు కొత్తగా చూశారు.

అప్పట్నుంచే సార్‌కు బుర్రలో సరుకు అయిపోయింది. ప్రతి డ్రిల్‌కూ ఒకటే చోటు, కింది వరండాలో మెట్ల కింద అర. బడి వీడ్కోలు పండగలకు కట్టే ఎరుపు తెలుపు చారల తెరలు అందులో మడతపెట్టి ఉంటాయి. సార్ ఆ తెరల్లో చుట్టుకుని కూర్చునేవారు. అక్టోబరులో అక్కడే. నవంబరులో అక్కడే. డిసెంబరులో అక్కడే. జనవరిలో రెండుసార్లూ అక్కడే.

"నా బకెట్లు, చీపుళ్ళు అన్నీ బయట పారేశారు" అని ఒగిసో మొత్తుకున్నాడు. "పైన ఉన్న బల్లకు నాచేత నాలుగు బోల్టులు కొట్టించారు. కింద చాప వేశారు. సార్, ఇంట్లో అమ్మగారు వెళ్ళగొట్టారా? మెట్ల కింద కొత్త కాపురం పెట్టారా?"

షిబునోకు అయిదోసారి ఇక పట్టలేకపోయింది. "కొత్త చోటు చూసుకోకూడదా సార్? గంట మోగితే నిద్రలో కూడా నా కాళ్ళు మెట్ల దగ్గరికే పోతున్నాయి."

సార్ ముఖం వెలిగిపోయింది. "నిజంగానా? నిద్రలో కూడానా?"

"వెక్కిరింపుగా అన్నాను సార్."

"పర్వాలేదు, పర్వాలేదు" అంటూ చేతులు నులుముకుని సంతోషంగా వెళ్ళిపోయారు. ఈయనకు నిజంగానే మతి చలించిందని ఆమె అనుకుంది.

ఫిబ్రవరిలో ఒక మంగళవారం. భోజనాలయ్యాయి. పిల్లలు ఎప్పటిలాగే గుంపులు గుంపులుగా విడిపోయి బడి ఊడుస్తున్నారు. ఒక గుంపు తరగతిలో, ఒక గుంపు వరండాలో, ఒక గుంపు చేతులు కడుక్కునే తొట్ల దగ్గర. అందరూ ఒకచోట లేని ఆ పావుగంటలో భూమి కదిలింది. ముందు కిటికీలు గలగలమన్నాయి. తర్వాత నేలే పక్కకు జరిగింది. షిబునో దగ్గరున్న పిల్లల్ని బల్లల కిందకు తోసి, ముప్పై దాకా లెక్కపెట్టింది. ఆగలేదు. యాభై దగ్గర ఆగింది.

మైదానంలో పద్దెనిమిది, పంతొమ్మిది, ఇరవై. మళ్ళీ లెక్కపెట్టింది. ఇరవై.

రేవు వైపు నుంచి ఊరి మైకు మోగుతోంది. 'గుట్టలెక్కండి, గుట్టలెక్కండి.' ప్రిన్సిపాల్‌గారి పక్కన, రెండేళ్ళలో మొదటిసారి, హినోకుమ సార్ నిలబడి ఉన్నారు. మెడలో ఈల. చేతిలో స్టాప్‌వాచ్.

"ఒకరు తక్కువ సార్! ఇతోహా లేదు!"

ఆయన నోరు తెరిచేలోపే ఆమె పక్క టీచర్‌కు తన వరస అప్పజెప్పి పరుగందుకుంది. వెనక ఒగిసో తాళాల గుత్తి ఝల్లుఝల్లుమంటోంది. ఎటు పోవాలని ఆమె ఆలోచించలేదు. వరండా సగం దాటాక గానీ తాను మెట్ల వైపు పోతున్నానని ఆమెకే తెలియలేదు.

అర తలుపు లాగింది.

ఎరుపు తెలుపు తెరల మధ్య ఇతోహా కూర్చుని ఉంది. నెత్తిన, దెబ్బ తగలకుండా కట్టుకునే మందపాటి దూది టోపీ ఉంది. బుగ్గలో నారింజ బిళ్ళ ఉబ్బెత్తుగా ఉంది. కళ్ళు గట్టిగా మూసుకుని ఒక్కో అంకెకూ ఆగి ఆగి లెక్కపెడుతోంది. "అరవై మూడు... అరవై నాలుగు..."

"ఇతోహా!"

పిల్ల కళ్ళు తెరిచింది. "టీచర్, అప్పుడే వచ్చేశారా! సార్ వంద దాకా లెక్కపెట్టమన్నారు."

"ఏ సార్?"

"ఇది సార్ చోటు. నాకు అరువిచ్చారు. బయటికి రాలేకపోతే ఇక్కడికే రా, ఇంకెక్కడికీ పోకు, టోపీ పెట్టుకో, బిళ్ళ నోట్లో వేసుకో, వంద లెక్కపెట్టేలోపు మీ టీచర్ వస్తుంది అన్నారు. 'తప్పకుండా వస్తుంది, ఆమెకు నేను అలవాటు చేస్తున్నాను' అన్నారు."

లోపలి గోడకు, కూర్చున్న పిల్ల కళ్ళ ఎత్తులో, ఒక కాగితం అంటించి ఉంది. సార్ గుండ్రటి చేతిరాత. 'ఇక్కడ భయపడొచ్చు. టీచర్ వచ్చాక భయపడుతూనే నడవొచ్చు.'

"ఓరి దేవుడా, నా బకెట్లు ఇందుకా!" అన్నాడు ఒగిసో. అని, పిల్లను భుజానికెత్తుకున్నాడు.

వాళ్ళు మైదానంలోకి వచ్చేసరికి రెండు నిమిషాల పది సెకన్లు. సార్ ఈల నోట్లో పెట్టుకుని ఉన్నారు గానీ ఊదలేదు. పిల్లను చూశాక ఈల వదిలేసి, "ఎక్కండి, ఎక్కండి!" అని అరిచారు.

గుట్ట మీద మళ్ళీ లెక్కలయ్యాయి. ఈసారి నిజంగా అందరూ ఉన్నారు. ప్రిన్సిపాల్‌గారు ఉపన్యాసానికి ఒక రాయెక్కి నిలబడ్డారు. "దిగండి సార్" అన్నాడు ఒగిసో. "పిల్లలు చలికి వణుకుతున్నారు. మర్యాద కాదని ఇక ఊరుకునేది లేదు." ఆయన బుద్ధిగా దిగి, తన కోటు విప్పి ఒకటో తరగతి పిల్లాడికి కప్పారు.

షిబునోకు ఊపిరి ఇంకా కుదురుకోలేదు. నేరుగా హినోకుమ సార్ దగ్గరికి వెళ్ళింది. "నాకు ఎందుకు చెప్పలేదు సార్?"

"ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. తెలిస్తే నవ్వుతారని ఏడ్చింది పాపం."

"నేను నవ్వుతానా?"

"నవ్వరు. అయినా మాట మాటే కదా. కానీ షిబునోగారూ, మీ చెవులకు చెప్పనని మాటిచ్చాను గానీ, మీ కాళ్ళకు చెప్పనని ఇవ్వలేదు."

కసురుదామని వచ్చిన మనిషి కసరడం మరిచిపోయింది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, ఈ మనిషిలోని మంచిని రెండేళ్ళు బీరువాల్లో, బుట్టల్లో వెతికానే అనుకుంది. ఆ సాయంత్రం సముద్రం నీళ్ళు రేవు మెట్లు రెండు తడిపి, నాలుగు చేపల పెట్టెలు తీసుకుని వెనక్కి పోయాయి.

మార్చిలో మళ్ళీ డ్రిల్ పెట్టారు. గంట మోగింది. ఇతోహా షిబునో చొక్కా అంచు పట్టుకుని, తెల్లబడ్డ ముఖంతో, వరసలో అందరితోపాటే నడిచి వచ్చింది. ఇరవై ఒక్కమంది. తరగతులన్నీ సరిపోయాయి. అప్పుడు ఇతోహా చెయ్యెత్తింది.

"ప్రిన్సిపాల్‌గారూ, హినోకుమ సార్ లేరు."

"వెళ్ళు తల్లీ, వెతుకు" అన్నారాయన.

ఇతోహా, షిబునో చెయ్యీ చెయ్యీ పట్టుకుని పరిగెత్తారు. మెట్ల కింద అర తలుపు తీస్తే, తెరల్లో చుట్టుకుని సార్. మోకాలు పట్టేసి లేవలేకపోతున్నారు. ఇతోహా జేబులోంచి నారింజ బిళ్ళ తీసి ఆయన చేతిలో పెట్టింది.

"భయపడుతూనే నడవొచ్చు సార్. టీచర్ వచ్చేసింది."

సార్ బిళ్ళ నోట్లో వేసుకుని, ముక్కు ఎగబీల్చి, స్టాప్‌వాచ్ చూసుకున్నారు. "యాభై రెండు సెకన్లు!"

"అంటే మీరు బతికే ఉన్నారు" అంది షిబునో, ఆయన్ని రెండు చేతులా పైకి లాగుతూ. "మీ పిల్లికి మీరే అన్నం పెట్టుకోండి."