రికార్డులో ఉన్నట్టే

సెంబవాంగ్ హాకర్ సెంటర్‌లో, తిండి దుకాణాల మధ్య బల్ల దగ్గర నా ఎదుట కూర్చున్న తెలుగు పెద్దాయన ఫోన్లో పాత జాజ్ పాట పెట్టుకుని, అందులోని క్లారినెట్ ముక్కను గొంతుతో పలికిస్తున్నారు. కుర్రతనంలో ఇక్కడి బ్రిటిష్ నావికుల డాన్సుల్లో అదే వాయించేవారట.

“అచ్చం రికార్డులాగే ఉంది అంకుల్!” అన్నాను. మా ఊరి పెళ్ళి బ్యాండుకు అంతకు మించిన మెప్పు లేదు.

ఆయన ముఖం చిన్నబోయింది.

“ఈ ముక్క ఎవరికి వాళ్ళు అప్పటికప్పుడు కల్పించుకోవాలి తంబీ, జాజ్ అంటే అదే. కానీ డాన్సాడేవాళ్ళకి ఈ రికార్డు చేసిన అమెరికా బ్యాండ్ లీడర్ అందులో వాయించిందే కావాలి. ఎప్పుడూ ఆయనదే వాయించాను.”

“ఇప్పుడు మీది వాయించండి అంకుల్.”

ఆయన నోరు తెరిచి చూపించారు. ముందు పళ్ళు లేవు.

“క్లారినెట్‌ను నోట్లో పట్టి నిలిపేది ఆ పళ్ళే.”