నీళ్ల మీద పండుకున్న ఎల్లమ్మ

లాల్‌దర్వాజా సందుల్లో ఎల్లమ్మను ఎరగనివాళ్లు తక్కువ. తెల్లవారకముందే బర్రెల కింద కూర్చుని పాలు పిండుతుంది. పొద్దెక్కేదాకా కొట్లో పాలు పోస్తుంది. తర్వాత పేడ, గడ్డి, దాణా, మళ్లీ సాయంత్రం పాలు. రామ్‌చందర్‌ను చేసుకుని వచ్చిన నాటి నుంచీ ఇదే వరస. పెళ్లికో చావుకో తప్ప ఊరు దాటింది లేదు.

మొన్న మే నెలలో కొడుకు మురళి పట్టుబట్టాడు. రేకుల కింద ఉడికిపోతున్నాం, ఒక్కరోజు కృష్ణకు పోయొద్దామన్నాడు. బర్రెలను మరిది బాలరాజ్‌కు అప్పజెప్పి, పులిహోర కట్టుకుని, నలుగురూ బండెక్కారు. ఎండ ముదరకముందే బీచుపల్లి చేరారు.

ఏరు సన్నబడి బండల మధ్య పారుతోంది. ఒక్కచోట మాత్రం పెద్ద మడుగు, అందులో నీళ్లు కదిలీ కదలనట్టున్నాయి. అక్కడే దిగారు.

"అమ్మా, జారుతది. నువ్వు ఒడ్డు మీదనే కూసో," అన్నాడు మురళి.

"కాళ్లు తడుపుకుంట, అంతే," అంది ఎల్లమ్మ.

మురళి, అతని భార్య అమల మోకాళ్ల లోతులో నీళ్లు చల్లుకుంటున్నారు. రామ్‌చందర్ చెట్టు నీడలో తువ్వాల పరిచాడు. ఎల్లమ్మ చీర కుచ్చిళ్లు వెనక్కి తీసి గోచీలా బిగించింది. నడుము లోతుకు పోయింది, మెడ లోతుకు పోయింది. ఆ తర్వాత కాళ్లు నేల విడిచి చేతులు చాపింది. ఒళ్లు దేన్నీ మరవలేదు. ఆఖరి బండ దాటి మడుగు నడిమికి వెళ్లి వెల్లకిలా తిరిగింది.

చెవులు నీళ్లలో మునగగానే ఒడ్డు మీది మాటలన్నీ ఆగిపోయాయి. పైన తెల్లటి ఆకాశం, వీపు కింద చల్లదనం. బాలరాజ్ దాణా నానబెట్టాడో లేదోనన్న తలపు ఒకటి వచ్చింది. కాసేపటికి అదీ పోయింది. సంతోషమని కాదు, దుఃఖమని కాదు. తనను ఎవరూ పిలవడం లేదు, తానెక్కడికీ పోవలసింది లేదు. కళ్లు మూసుకుంది.

టిఫిన్ డబ్బా విప్పుతూ తలెత్తిన రామ్‌చందర్‌కు భార్య కనిపించలేదు. దూరంగా నీళ్ల మీద ఆకుపచ్చ చీర తేలుతోంది.

"ఎల్లీ! ఓ ఎల్లీ!"

చెప్పులతోనే నీళ్లలోకి పరుగెత్తి మోకాళ్ల లోతులో ఆగిపోయాడు. ఈత రాదు. కొడుక్కీ రాదు. అవతల గుండ్రటి పుట్టి పడవలో చేపలు పడుతున్న మనిషిని కేకేశాడు. "అన్నా! జర జల్ది పో అన్నా! మా ఇంటామె!"

పుట్టి గిరగిరా తిరుగుతూ వచ్చింది. పుట్టి మనిషి వంగి చెయ్యి చాపబోయేసరికి ఎల్లమ్మ కళ్లు తెరిచింది.

"ఏందన్నా?"

"మునిగినవనుకున్నం తల్లీ. మీ ఆయన లొల్లి జేస్తున్నడు."

"మునగలే. పండుకున్న."

అతను పగలబడి నవ్వాడు. "పుట్టి ఎక్కుతవా మరి?"

"వద్దు. ఈదుకుంట వస్త."

ఆమె ఒడ్డెక్కగానే రామ్‌చందర్ తువ్వాల తెచ్చి భుజాల మీద కప్పాడు. "నీకు ఈతొస్తదా? ఇన్నేండ్లల్ల ఒక్కమాటన్న చెప్పలేదేందే?"

"చెప్పి ఏడ ఈదాలె? నల్లా కిందనా?"

అతను అటు తిరిగి కూర్చున్నాడు. పులిహోర ముట్టలేదు. అది కోపం కాదని, బెదిరిపోయాడని ఎల్లమ్మకు తెలుసు. బతిమాలలేదు. డబ్బా అతని పక్కన పెట్టి, ఎవరూ అడక్కుండానే చెప్పింది. చిన్నప్పుడు వాళ్ల బాపు ఎండాకాలంలో బర్రెలను మీరాలం చెరువుకు తోలుకుపోయేవాడట. తను ఒక బర్రె తోక పట్టుకుని నీళ్లలోకి పోయి, నడుమ వదిలేసి, తిరిగి తానే ఈదుకొచ్చేదట. పెద్దమనిషయ్యాక ఇంట్లోవాళ్లు మాన్పించారు.

"అత్తమ్మా, నాక్కూడ నేర్పిస్తవా?" అంది అమల. లాడ్ బజార్ గాజుల దుకాణంలో పొద్దస్తమానం నిలబడే పిల్ల.

ఎల్లమ్మ ఆమె వీపు కింద అరచెయ్యి పెట్టింది. "మెడ బిగబట్టకు. తల నీళ్లకిచ్చెయ్." అమల రెండుసార్లు మునిగి నీళ్లు మింగింది. మూడోసారి అత్త చెయ్యి తీసేసినా తేలుతూనే ఉంది. ఆ సంగతి తెలియగానే భయపడి మునిగింది. మురళి ఒడ్డున చప్పట్లు కొట్టాడు. అప్పటికి రామ్‌చందర్ పులిహోర తినడం మొదలుపెట్టాడు.

ఎండ చల్లబడేదాకా అత్తాకోడళ్లు నీళ్లలోనే ఉన్నారు. ఒకసారి ఎల్లమ్మ భర్తను కూడా రమ్మంది. అతను నడుము లోతుదాకా వచ్చి, ఒక బండను రెండు చేతులా కావలించుకుని నిలబడ్డాడు. మస్తు చల్లగున్నయ్ నీళ్లు, అన్నాడు.

మర్నాటి నుంచి కొట్టుకు వచ్చినవాళ్లందరికీ రామ్‌చందరే ఆ కథ చెప్పాడు. అతని కథలో పుట్టి లేదు, కేకలు లేవు. భార్య ఈదుతుంటే తాను నీడలో కూర్చుని నిమ్మళంగా చూశాడు. ఎల్లమ్మ పాలు పోస్తూ విన్నది, దిద్దలేదు.

మళ్లీ ఎప్పుడు పోదామని మురళి అడిగితే, "నల్లబర్రె చూలుతోనుంది. ఈననీ, చూద్దాం," అంది.