రాయి మీద తేదీ

మదనపల్లెలో నాకు సమాధిరాళ్లు చెక్కే షాపు ఉంది. మా క్రైస్తవుల్లో భార్యాభర్తలు బతికుండగానే ఇద్దరికీ ఒకే రాయి చెప్పిపెట్టుకోవడం మామూలే. పేర్లు చెక్కి, తేదీలకు ఖాళీ వదులుతాను.

పోయిన ఏడాది ఒక ఉదయం రిటైరైన టీచరు దేవదానం సారు వచ్చారు.

“ఖాళీ వద్దప్పా. ఇద్దరికీ వచ్చే శుక్రవారం తేదీ ఎయ్యి,” అన్నారు, టీ చెప్పినంత మామూలుగా.

“అమ్మకు సెప్పినారా సార్?” అనడిగాను.

“దానికి సెప్పేది యాల? మూడేండ్లుగా మంచంలో ఉండాది. అన్నీ నేనే సేస్తాండా. ఇంక నాకు ఓపిక లేదు. నేను పోతే దాన్నెవరు సూస్తారు?”

పేర్లు సరిచూసుకున్నట్టు ఇద్దరూ సంతకం పెట్టనిదే నేను ఉలి పట్టను. ఆ మాటే చెప్పి, పేర్లూ, ఆ తేదీ రాసిన కాగితం తీసుకుని ఆయన వెంటే ఇంటికి వెళ్లాను.

ఆయన భార్య సుగుణమ్మగారు కళ్లజోడు పెట్టుకుని నిదానంగా చదివారు.

“పేరు సరిగానే ఉండాది. ఈ తేదీ ఎవరిచ్చినారు?”

“నేనే,” అన్నారు సారు.

“నీకు సేతగాకపోతే సెప్పల్ల గదయ్యా. ఎవరినైనా మనిషిని పెట్టుకుందుము. నాకు యాల తేదీ ఏస్తావు?”

ఆయన కూలబడి ఏడ్చారు. నేను కదలకుండా అక్కడే కూర్చుని పాస్టరుగారికీ, సారు కూతురికీ ఫోన్ చేశాను. ఇప్పుడు ఇంటికి రోజూ నర్సు వస్తోంది. సారు కూడా డాక్టరు దగ్గరికి వెళ్తున్నారు.

ఆ రాయి తేదీలు లేకుండా నా షాపులోనే ఉంది. తాను చేయబోయింది ప్రేమే అనుకున్నారు సారు. మూడేళ్లు పక్కనే ఉండి, ఆమెను ఒక్కమాట అడగలేదు. నేనైతే పేరులో ఒక్క అక్షరానికి కూడా సంతకం అడుగుతాను.

— జి. యేసురత్నం, మదనపల్లె